అక్క వింటున్న పాట మాకింకా రాలేదు

ఎన్‌రికే ఇగ్లేసియస్ పాడిన ‘హీరో’ ఏ సంవత్సరం పాట అని మా ఇంట్లో అడిగితే రెండు జవాబులు వస్తాయి. మా పెద్దమ్మ కూతురు 2001 అంటుంది. నేను 2002 అంటాను. అక్క ఉండేది న్యూజెర్సీలో. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అక్కడి రేడియోల్లో ఆ పాట తెగ వచ్చింది. న్యూయార్క్ రేడియో వాళ్లు పాట మధ్యలో ఫైర్ సిబ్బంది మాటలు, పోలీసుల మాటలు, మామూలు జనం మాటలు కలిపి మరీ వేసేవారు. ఆ పాట చెవిన పడితే అక్క ఇప్పటికీ చేస్తున్న పని ఆపేస్తుంది. నాకు మాత్రం అది వాలెంటైన్స్ డే పాట. ఇంగ్లండ్‌లో దాన్ని 2002 జనవరిలో అమ్మకానికి పెట్టారు. వస్తూనే నంబర్ వన్. నాలుగు వారాలు అక్కణ్ణుంచి కదల్లేదు. ప్రేమికుల రోజు ముందు కుర్రాళ్లు ఆ సీడీ ఒకటి, ఎర్ర గుండె బొమ్మ ఉన్న కార్డొకటి కలిపి కొనుక్కెళ్లేవారు. ఎలా తెలుసంటే, బిల్లు కొట్టింది నేనే.

నేను పీహెచ్‌డీకి లెస్టర్ వచ్చింది 2001 సెప్టెంబర్ చివర్లో. అమెరికాలో అంత జరిగాక నన్ను విమానం ఎక్కించడానికి అమ్మ పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. “ఇంగ్లండ్ వేరే దేశం కదమ్మా” అంటే “ఆకాశం ఒకటేగా” అంది. దిగిన దగ్గర్నుంచీ బస్సులో, క్యాంటీన్‌లో, బట్టల షాపులో, ఎక్కడ నిలబడినా కైలీ మినోగ్ లా లా లా అంటూనే ఉంది. ‘కాంట్ గెట్ యు అవుట్ ఆఫ్ మై హెడ్’ అప్పుడు అక్కడ నంబర్ వన్.

స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. నాకు ఊరి మధ్యలో ఒక రికార్డు షాపులో దొరికింది, అదీ సింగిల్స్, అంటే ఒక్కో పాట సీడీలు అమ్మే కౌంటర్‌లో. విజయవాడలో నాకు తెలిసిన ఇంగ్లిష్ పాటలంటే కేబుల్‌లో వచ్చే ఎమ్‌టీవీ, ఛానల్ వీ, ఇంకా బీసెంట్ రోడ్డులో దొరికే హిట్స్ క్యాసెట్లు. పదహారు పాటలు ఒక్క క్యాసెట్లో పెట్టి అమ్మే దేశం నుంచి వచ్చినవాణ్ణి. ఒక్క పాట కోసం డబ్బులు పెట్టి సీడీ కొనే జనాన్ని అక్కడే మొదటిసారి చూశాను. పైగా అదే పాట సీడీ 1 అని ఒకటి, సీడీ 2 అని ఇంకొకటి. మొదటి దాంట్లో అసలు పాటకు తోడు ఎక్కడా దొరకని పాటొకటి, రెండో దాంట్లో రీమిక్సులు. వీరాభిమానులు రెండూ కొనాలన్నది లెక్క. కొనేవారు కూడా.

ఆ షాపులో వారం సోమవారంతో మొదలయ్యేది. ఇంగ్లండ్‌లో కొత్త పాటలు వచ్చేది సోమవారమే. అమెరికాలో మంగళవారం, జపాన్‌లో బుధవారం. సరుకు ముందే వచ్చేది. పెట్టె మీద సోమవారం దాకా అమ్మకూడదని రాసి ఉండేది. ఆ పెట్టెలు వెనక గదిలో ఉంటాయి. శనివారం సాయంత్రం పన్నెండేళ్ల పిల్ల కౌంటర్ మీద మోచేతులు ఆనించి, ఆ పాట ఉందా అని అడుగుతుంది. ఉంది, కానీ ఇవ్వకూడదు. “మండే” అనాలి. ఆ పిల్ల మొహం చూస్తూ అనడం అంత సులువేం కాదు. సోమవారం పొద్దున షాపు తెరవకముందే, ముందురోజు ప్రకటించిన అమ్మకాల చార్టు ప్రకారం గోడ మీద ఒకటి నుంచి నలభై వరకూ వరస మొత్తం మార్చాలి. కొత్తవాటికి 1.99 పౌండ్ల స్టిక్కర్ అంటించాలి. వారం తిరిగేసరికి అదే సీడీ ధర సాధారణంగా 3.99 అయ్యేది. రెండు పౌండ్ల స్టిక్కర్ పీకి, నాలుగు పౌండ్ల స్టిక్కర్ అంటించడం సోమవారాల్లో నా పనుల్లో ఒకటి. పాత స్టిక్కర్ జిగురు గోళ్లలో ఇరుక్కుని మధ్యాహ్నం దాకా పోయేది కాదు.

ఈ ధర తిరకాసు వెనక ఉన్న సంగతి మా మేనేజర్ చెప్పాడు. ఇరవై ఏళ్లుగా పాటలమ్ముతున్న మనిషి. పాటను షాపులోకి పంపే ముందు ఆరు వారాలో, ఎనిమిది వారాలో రేడియోలో, టీవీలో మోగిస్తారు. ముందు శుభలేఖలు పంచేసి, ముహూర్తానికి జనమంతా ఒక్కసారే వచ్చిపడేలా చూసుకున్నట్టు. అప్పటిదాకా ఆగి ఆగి ఉన్నవాళ్లంతా మొదటి వారమే, అదీ సగం ధరకి కొనేస్తారు కాబట్టి పాట నేరుగా చార్టు పైభాగంలో దిగుతుంది. రెండో వారం ఏడు, మూడో వారం పదిహేను, ఆ తర్వాత అడ్రసుండదు. 2000 సంవత్సరంలో ఇంగ్లండ్‌లో నలభైకి పైగా పాటలు నంబర్ వన్ అయ్యాయంటే ఇందుకే. దాదాపు వారానికొక రాజు. స్పైస్ గర్ల్స్ ‘వానబీ’ లాగా ఏడు వారాలు కూర్చున్న పాటల రోజులు పోయాయని మేనేజర్ బాధ. ఆదివారం సాయంత్రం నాలుగింటికి బీబీసీ రేడియో 1లో మార్క్ గుడియర్ నలభై నుంచి మొదలుపెట్టి కిందికి లెక్కపెట్టుకుంటూ వచ్చేవాడు. ఏడు గంటల లోపు నంబర్ వన్ తేలేది. మేం స్కాన్ చేసిన బార్‌కోడ్‌లు ఆ లెక్కలో ఎక్కడో కలుస్తాయన్న గర్వం నాకు చాలాకాలం ఉండేది.

ఇదంతా అక్కకి వర్ణించి చెబితే మొదట నమ్మలేదు. ఐదు పౌండ్ల కాలింగ్ కార్డు కొని, వెనక వెండిపూత గీకి, పద్నాలుగు అంకెలు నొక్కి అమెరికా ఫోన్ చేసే రోజులు. అమ్మావాళ్ల కబుర్లు అయ్యాక, కార్డులో నిమిషాలు మిగిలితే పాటల సంగతి. నేను రెండు పౌండ్లకి కొత్త పాట కొన్నానంటే “మాకు ఒక్క పాట ఎవరమ్ముతారురా, కొంటే ఆల్బమ్ మొత్తం కొనాల్సిందే” అంది.

నిజంగానే అక్కడ పద్ధతి వేరు. తొంభైల్లో అమెరికా కంపెనీలు, రెండు మూడు డాలర్ల సింగిల్ అమ్మితే పదిహేను డాలర్ల ఆల్బమ్ ఎవడు కొంటాడని, పెద్ద పెద్ద హిట్లను కూడా సింగిల్‌గా అమ్మడం మానేశాయి. రేడియోలో మాత్రం మోగిస్తాయి. దాంతో ఒక విడ్డూరం జరిగింది. షాపులో అమ్మని పాటకి అమెరికా అసలు చార్టు అయిన బిల్‌బోర్డ్ హాట్ 100లో చోటు లేదు. నో డౌట్ బృందం ‘డోంట్ స్పీక్’ రేడియో లెక్కల చార్టులో 16 వారాలు మొదటి స్థానంలో ఉండి కూడా అసలు చార్టులో ఒక్కరోజు కనబడలేదు. నటాలీ ఇంబ్రూలియా ‘టోర్న్’ కూడా రేడియో చార్టులో 11 వారాలు పైన ఉంది. 1998 డిసెంబర్‌లో బిల్‌బోర్డ్ వాళ్లు రూలు మార్చి, రేడియోలో మోగితే చాలన్నారు. అప్పటికి జనం ఆ పాట విని విని వదిలేశారు, 42 దగ్గర ఆగిపోయింది. అదే పాట ఇంగ్లండ్‌లో 1997 చివర్లోనే వచ్చి రెండో స్థానం దాకా వెళ్లింది. రూలు మారాక 2000లో ఆలియా ‘ట్రై అగైన్’ ఒక్క సీడీ కూడా అమ్మకుండా రేడియో బలంతోనే అక్కడ నంబర్ వన్ అయింది. మా మేనేజర్‌కి ఈ మాట చెబితే అదేం నంబర్ వన్ అని ముఖం చిట్లించాడు. ఆయన దృష్టిలో డబ్బులు పెట్టి కొన్నదే లెక్క. నేను ఆయన పక్షమే.

అట్లాంటిక్‌కి అటొకటి, ఇటొకటి కాలెండర్. 2002 మార్చిలో అక్క ఫోన్ చేసి “ఒరేయ్, కైలీ అని ఒకావిడ కొత్తగా వచ్చింది, లా లా లా అంటుంది, విన్నావా?” అంది. నాకు నవ్వాగలేదు. ఆవిడ కొత్తగా రావడమేమిటి, ఎనభైల నుంచీ ఉంది. పాట మాకు పాతబడి ఆర్నెల్లు. అమెరికాలో దాన్ని 2002 ఫిబ్రవరిలో గాని వదల్లేదు, అక్కడ ఏడో స్థానం దాకా వెళ్లింది. షకీరా ‘వెనెవర్ వేరెవర్’ దగ్గర అక్క పగ తీర్చుకుంది. అమెరికాలో 2001 చివర్లో మోగిన ఆ పాట మాకు 2002లో గాని షాపులోకి రాలేదు. బ్రిట్నీ స్పియర్స్ మొదటి పాటా అంతే. అమెరికాలో 1998 శరత్కాలంలో వచ్చి, జనవరి చివర నంబర్ వన్ అయింది. ఇంగ్లండ్‌లో 1999 ఫిబ్రవరి దాకా ఆపి వదిలితే మొదటి వారమే నాలుగున్నర లక్షల పైన అమ్ముడుపోయింది. ఆ వారం షాపులో ఏం జరిగిందో మేనేజర్ ఎన్నిసార్లు చెప్పాడో.

మన దగ్గర ఈ గొడవే లేదు అనుకునేవాణ్ణి. తెలుగు సినిమా ఆడియో ఫంక్షన్ అయిందంటే పాటలన్నీ ఒకేసారి బయటికి వచ్చేవి. శ్రీకాకుళంలోనూ, చిత్తూరులోనూ దాదాపు ఒకేరోజు దొరికేవి. సినిమా మాత్రం నెలకో, ఇంకా తర్వాతో వచ్చేది, ఈలోపు పాటలు నోటికి వచ్చేసేవి. కానీ లెస్టర్ చేరాక తెలుగు పాటలకీ నాది వెనకబడ్డ కాలెండరే అయింది. ఎవరో ఒకరు హైదరాబాద్ నుంచి వస్తూ ఆవకాయ సీసా పక్కన బట్టల్లో చుట్టి క్యాసెట్లు తేవాలి. మా చేతికందేసరికి సినిమా వచ్చి, వెళ్లి, టీవీలో కూడా వేసేవాళ్లు. రియల్ ప్లేయర్‌లో వినొచ్చు గానీ, హాస్టల్ ఇంటర్నెట్‌లో పల్లవికీ చరణానికీ మధ్య టీ పెట్టుకుని రావచ్చు.

షాపులో నేను చూసిన అతి పెద్ద సోమవారం 2002 ఫిబ్రవరి 25. ‘పాప్ ఐడల్’ అనే టీవీ పోటీలో గెలిచిన విల్ యంగ్ మొదటి సింగిల్ ఆ రోజే వచ్చింది. తెరిచేసరికి బయట స్కూలు యూనిఫారాల వరస. అమ్మలు, అమ్మమ్మలు కూడా ఉన్నారు. ఒక పెద్దావిడ నాలుగు కాపీలు తీసుకుని, ఒకటి తనకి, మిగతావి తన వల్ల ఓట్లు తగ్గకుండా అంది. పోటీ అయిపోయి రెండు వారాలైందని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆ ఒక్క వారంలో దేశం మొత్తం మీద 11 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. గోడ మీద ఒకటో నంబర్ గడి నిండేది, గంటలో ఖాళీ అయ్యేది.

అదే పోటీ ఆ వేసవిలో ‘అమెరికన్ ఐడల్’ అయి అక్క ఇంటికి చేరింది. గెలిచిన కెల్లీ క్లార్క్‌సన్ పాట ‘ఎ మొమెంట్ లైక్ దిస్’ను మాత్రం అమెరికా వాళ్లు బుద్ధిగా సీడీ వేసి అమ్మారు. 52వ స్థానం నుంచి ఒక్క గెంతులో ఒకటికి వచ్చింది. చూశావా, మీ వాళ్లూ అమ్మితే జనం కొంటారు అన్నాను అక్కతో. చిత్రం ఏమిటంటే ఆ పాట ఇంగ్లండ్‌లో హిట్ కావడానికి నాలుగేళ్లు పట్టింది, అదీ వేరే గొంతుతో. 2006 క్రిస్మస్‌కి లియోనా లూయిస్ పాడితే నంబర్ వన్ అయింది. ఇక్కడి పిల్లలకి అది లియోనా పాట. అక్క ఒప్పుకోదు.

అన్నిటికంటే దూరం తిరిగి వచ్చిన పాట మాత్రం మన దేశపు భాషదే. లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్డు అంటే చిన్న గుజరాత్. చీరలు, నగలు, ఫర్సాన్ అనే చిరుతిళ్లు, మధ్యలో పాటల షాపులు. నా రూమ్మేట్ జలంధర్ కుర్రాడు. వాడి దగ్గర పంజాబీ ఎమ్‌సీ పాట ‘ముండియాన్ తో బచ్ కే’ మొదట్నుంచీ ఉంది. లాభ్ జంజువా గొంతు, తుంబి అనే ఒంటితీగ వాయిద్యం మోత, కింద ‘నైట్ రైడర్’ సీరియల్ బాణీ. కవెంట్రీలో పెరిగిన మనిషి చేసిన ఈ పాట 1998లోనే ఇంగ్లండ్‌లో ఆల్బమ్‌లో వచ్చింది. భాంగ్రా వినేవాళ్లకి తెలుసు, పెళ్లిళ్లలో మోగేది, గోడ మీది నలభైలో ఎప్పుడూ లేదు. 2002 చివర జర్మనీలో ఒక కంపెనీ దాన్ని సింగిల్‌గా వదిలితే అక్కడ రెండో స్థానానికి పోయింది. అప్పుడు గాని ఇంగ్లండ్‌కి మెలకువ రాలేదు. 2003 జనవరిలో మా షాపుకి పెట్టెల కొద్దీ వచ్చింది. అరగంట కారు ప్రయాణం దూరంలోని పాట జర్మనీ వెళ్లి తిరిగొచ్చింది. ఐదో స్థానం. మేనేజర్ నన్ను పిలిచి, ఇది మీ ఊరి పాటేగా అన్నాడు. మా ఊరికీ పంజాబ్‌కీ మధ్య దూరం ఎంతో చెప్పబోయి, ఎందుకులే అని అవునన్నాను. అదే ఏడాది అమెరికా ర్యాపర్ జే-జీ గొంతు కలిపి అమెరికాలో వదిలారు, హాట్ 100లో 33 దాకా వెళ్లింది. అక్క ఫోన్‌లో “ఇండియన్ పాట రేడియోలో వస్తోందిరా” అని అరిచింది. మా రూమ్మేట్ పక్క నుంచి “ఐదేళ్లు లేటు” అన్నాడు.

మేనేజర్ దగ్గర ఇలాంటి కథలు చాలా ఉండేవి. వేసవిలో స్పెయిన్, గ్రీస్ బీచ్‌లకి వెళ్లిన ఇంగ్లండ్ జనం అక్కడి క్లబ్బుల్లో విన్న పాట కోసం సెలవులైపోగానే షాపుకి వచ్చేవాళ్లు. ఇక్కడ ఇంకా రిలీజ్ కాలేదంటే వినరు. దాంతో షాపులు యూరప్ నుంచి ఇంపోర్ట్ సీడీలు తెప్పించి ఎక్కువ ధరకి అమ్మేవి. 1999లో లూ బేగా ‘మాంబో నంబర్ 5’, ఐఫెల్ 65 ‘బ్లూ’ రెండూ అసలు రిలీజ్‌కి ముందే ఇంపోర్ట్ కాపీల మీదే టాప్ 40లోకి దూరాయి. తర్వాత సొంతంగా రిలీజై రెండూ నంబర్ వన్ అయ్యాయి.

ఈ ఆపి అమ్మే పద్ధతికి చెద పట్టడం నేను హాస్టల్ గదిలోనే చూశాను. యూనివర్సిటీ నెట్‌లో రాత్రంతా కజా, అంటే పాటలు ఒకరి నుంచొకరు ఊరికే దించుకునే సాఫ్ట్‌వేర్, నడిచేది. నేను పగలు “మండే” అని పంపించేసిన పాట రాత్రి మా కారిడార్‌లో నాలుగు గదుల్లో మోగేది. రేడియోలో వినిపించి, అడిగితే లేదని చెప్పి, ఆరు వారాలు ఆగమంటే ఎవరాగుతారు? కంపెనీలకి ఇది తలకెక్కడానికి చాలా ఏళ్లే పట్టింది. 2005 ఏప్రిల్‌లో డౌన్‌లోడ్‌లను చార్టు లెక్కలో కలిపారు. 2006 మార్చిలో సీడీ రావడానికి ఒక వారం ముందు నుంచీ డౌన్‌లోడ్‌లు లెక్కించొచ్చన్నారు. వెంటనే ఏప్రిల్ మొదట్లో నార్ల్స్ బార్క్లీ ‘క్రేజీ’ షాపులో ఒక్క సీడీ లేకుండానే 31 వేల డౌన్‌లోడ్‌లతో నంబర్ వన్ అయింది. అప్పటికి నేను షాపు మానేసి ఉద్యోగంలో చేరాను. మేనేజర్ ఏమంటాడో కనుక్కుందామని వెళ్తే, గోడ మీద ఒకటో గడిలో ఏం పెట్టాలో తెలియక నిలబడ్డామన్నాడు.

ఆ రోజుల్లోనే అక్క మీద నాకు చివరి గెలుపు. 2005 జూలైలో ఇంగ్లండ్ అంతా జేమ్స్ బ్లంట్ ‘యు ఆర్ బ్యూటిఫుల్’. ఐదు వారాలు నంబర్ వన్, ఆ తర్వాత ఇంకెన్నాళ్లో. ఆఫీసులో ఆ పాట పెడితే రేడియో కట్టేసేవాళ్లు. 2006 మార్చిలో అది అమెరికాలో నంబర్ వన్. అక్క అప్పుడే పుట్టిన పాపని ఎత్తుకుని ఆ పాట పాడుతోంది. “ఎంత బావుందో విను” అంటూ ఫోన్ స్పీకర్ దగ్గర పెట్టింది. పసిపిల్ల నిద్రపోతోందన్న ఒకే ఒక్క కారణంతో మొత్తం విన్నాను.

తర్వాతి సంగతులు తొందరగానే అయిపోయాయి. 2011 ఫిబ్రవరి నుంచి రేడియోలో మోగిన రోజే అమ్మకానికి కూడా పెడతామని రెండు పెద్ద కంపెనీలు, యూనివర్సల్, సోనీ, ఇంగ్లండ్‌లో ప్రకటించాయి. అయినా పాత అలవాటు ఎక్కడికి పోతుంది! 2012లో మరూన్ 5 ‘పేఫోన్’ అమెరికాలో ఏప్రిల్‌లోనే వచ్చినా ఇక్కడ జూన్ దాకా ఆపారు. ఈలోపు ప్రెసిషన్ ట్యూన్స్ అనే పేరుతో ఎవరో అదే పాటని అచ్చుగుద్దినట్టు పాడి ఐట్యూన్స్‌లో పెడితే, జనం అదే కొనేసి తొమ్మిదో స్థానంలో కూర్చోబెట్టారు. ఆ మరుసటి వారం అసలుది వచ్చి నంబర్ వన్ అయింది. ఇక 2015 జూలై 10 నుంచి ప్రపంచమంతా కొత్త పాటలకి శుక్రవారమే అన్నారు. ఆదివారం సాయంత్రం చార్టు కూడా శుక్రవారానికి మారింది. సోమవారం, మంగళవారం, బుధవారం తేడాలన్నీ ఒక్క దెబ్బకి పోయాయి. తెలుగు వాళ్లం మాత్రం మన పద్ధతి మనదే. లిరికల్ వీడియోకి కూడా ఉదయం 11 గంటల 7 నిమిషాలు అని ముహూర్తం పెడతాం.

ఇక దేశాల మధ్య తేడా లేదనుకుంటున్న సమయంలో 2022 అక్టోబర్ వచ్చింది. టేలర్ స్విఫ్ట్ ‘మిడ్‌నైట్స్’ ఆల్బమ్. న్యూజెర్సీలో శుక్రవారం అర్ధరాత్రి పన్నెండు అంటే మాకు తెల్లవారి ఐదు. స్కూలుకి ఏడింటికి లేపితే దుప్పటి లాక్కునే మా అమ్మాయి ఐదుకి తానే లేచి, తయారుగా కూర్చుంది. అటు అక్క కూతురు పడుకోకుండా కాచుకుంది. ఇద్దరూ వీడియో కాల్‌లో ఒకేసారి నొక్కి, కలిసి విన్నారు. అయ్యాక ఆ పిల్ల గుడ్‌నైట్ చెప్పి పడుకుంది. మూడు గంటలకి స్విఫ్ట్ అవేమిటో ముందు చెప్పకుండా ఇంకో ఏడు పాటలు వదిలింది. అక్కడ తెల్లవారుజామున మూడు, ఇక్కడ పొద్దున ఎనిమిది. మా అమ్మాయి స్కూల్ బస్‌లో కూర్చుని ఏడూ వినేసి, ఏ పాట ఎలా ఉందో వరసపెట్టి వాళ్లక్కకి మెసేజ్‌లు పెట్టింది. ఆ పిల్ల లేచి ఫోన్ చూసుకుని, పాటలు వినకముందే నాకు ఫోన్ చేసింది. “మామయ్యా, ముందు దాన్ని మెసేజ్‌లు డిలీట్ చెయ్యమను.”